ధ్యానం క్లాసుకు పంపిస్తున్నాం కదా, అది చాలదా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మాయికి 16 ఏళ్లు. మూడు వారాల క్రితం తల దువ్వుకుంటూ చెయ్యి పైకెత్తినప్పుడు చొక్కా చేయి కిందికి జారింది. ముంజేతి మీద వరసగా గీతలు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. నేను చూశానని తనకు తెలియదు. ఎప్పుడు చూసినా పొడుగు చేతుల చొక్కాలే ఎందుకు వేసుకుంటోందో అప్పుడు అర్థమైంది. మావారికి చెబితే, "ఈ వయసు పిల్లలు అంతే, అందరూ తనని పట్టించుకోవాలని చేస్తోంది, నువ్వు పెద్దది చేయకు" అన్నారు. సరిగ్గా అప్పుడే వాళ్ళ స్కూల్లో 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద ధ్యాస పెట్టే ధ్యానం) ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు, తమను తాము గాయపరచుకోవడం తగ్గించడానికేనని కాగితంలో రాశారు. దారి దొరికిందనుకుని వెంటనే చేర్పించాను. రెండో క్లాసు అయ్యాక ఇంటికొచ్చి, "కళ్ళు మూసుకుంటే ఇంకా ఎక్కువ వస్తున్నాయి, నేను ఇక వెళ్ళను" అని ఏడ్చింది. "నువ్వు మనసు పెట్టి చేయట్లేదు" అన్నాను. అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడట్లేదు. మా చెల్లెలేమో డాక్టరుకు చూపించమంటోంది. ధ్యానం నేర్పిస్తున్నారు కదా, అది చాలదా? గీతల సంగతి అడుగుదామంటే, లేనిపోని ఆలోచన నేనే బుర్రలో పెట్టినట్టవుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

జవాబు:

అమ్మా,

మీ చివరి భయం గురించి ముందు చెబుతాను. మిగతావన్నీ దాని తర్వాతే. అడగండి. ఇది చదివిన రోజే అడగండి.

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం మీ ఒక్కరిదే కాదు. టీచర్లకు ఉంది, కొందరు డాక్టర్లకు కూడా ఉంది. అందుకే మాడలిన్ గూల్డ్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం దీన్ని నేరుగా పరీక్షించి చూశారు. 2,000 మందికి పైగా హైస్కూలు పిల్లలను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, రెండో గుంపును అడగలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే, అడిగిన పిల్లల్లో దిగులు గానీ, ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్‌తో ఉన్న పిల్లల్లోనూ, లోగడ ఆత్మహత్యాయత్నం చేసిన పిల్లల్లోనూ అయితే, అడిగినవాళ్ళకే మనసు కొంత తేలికపడినట్టు కనిపించింది. 2005లో వచ్చిన పరిశోధన ఇది. ఆ తర్వాత చేసిన అధ్యయనాలు కూడా ఇదే మాట చెప్పాయి.

ఎలా అడగాలన్నది మాత్రం కష్టమే, ఒప్పుకుంటాను. ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేసినట్టు అడిగితే పిల్లలు నోరు విప్పరు. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, రాత్రి లైటు తీసేశాక పక్కన పడుకున్నప్పుడో అయితే కళ్ళలోకి చూడాల్సిన ఇబ్బంది ఉండదు. మాట మాత్రం సూటిగా ఉండాలి. "అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అని అడిగామంటే, "లేవు" అని చెప్పమని మనమే అందించినట్టు. దానికి బదులు ఇలా అనండి: "నీ చేతి మీద గీతలు చూశాను. మూడు వారాలైంది. ఎలా అడగాలో తెలియక ఊరుకున్నాను. కోప్పడటానికి అడగట్లేదు. అంత బాధ వచ్చినప్పుడు చచ్చిపోవాలని కూడా అనిపిస్తుందా?" ఆ తర్వాత ఆగండి. ఆ నిశ్శబ్దం నిమిషం సాగినా మీరు నింపొద్దు.

"ఔను" అంటే మీ గుండె ఆగినంత పనవుతుంది. అయినా ఆ క్షణంలో ఏడవడం, ఒట్టు వేయించుకోవడం, "మా గురించి ఆలోచించలేదా" అనడం వద్దు. "చెప్పావు, మంచి పని చేశావు" అనండి. ఎప్పటి నుంచి అనిపిస్తోంది, ఎంత తరచుగా, ఎలా చేయాలో ఎప్పుడైనా అనుకున్నావా, ఎప్పుడని అనుకున్నావా అని మెల్లగా అడగండి. ఎలా, ఎప్పుడు అన్నవాటికి జవాబు ఉంటే, లేదా దానికోసం ఏదైనా దాచిపెట్టుకుందని తెలిస్తే, తనను ఒంటరిగా వదలొద్దు. అదే రోజు ఆసుపత్రి ఎమర్జెన్సీకి గానీ సైకియాట్రిస్ట్ దగ్గరికి గానీ తీసుకెళ్ళండి. వెళ్ళేలోపు మీరున్న చోట పనిచేసే ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు, తల్లిదండ్రులతోనూ వాళ్ళు మాట్లాడతారు. "లేదు, చచ్చిపోవాలని కాదు" అంటే కొంచెం ఊపిరి పీల్చుకోండి, కానీ డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానొద్దు. ఈ వారంలోనే వెళ్ళాలి. మీ చెల్లెలు చెప్పింది నిజం.

తమను తాము గాయపరచుకోవడం, చనిపోవాలనుకోవడం రెండూ ఒకటి కాదు. చాలామంది పిల్లలు గీసుకునేది చావడానికి కాదు. లోపల మోయలేనంత బాధ ఒక్కసారిగా లేస్తుంది, లేదా ఏమీ తెలియనంత మొద్దుబారిపోతారు. గాయం ఆ బాధను ఒక్క క్షణం అణచేస్తుంది, లేదా ఆ మొద్దుదనాన్ని చీలుస్తుంది. ఆ క్షణం ఊరట దొరికింది కాబట్టి, ఈసారి బాధ వచ్చినప్పుడు మనసు మళ్ళీ అటే పరుగెడుతుంది. అలవాటు ఇలాగే పడుతుంది. అయితే చావాలని లేదు కదా అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. ముందుముందు ఆత్మహత్యాయత్నం చేసే ప్రమాదాన్ని సూచించే బలమైన గుర్తుల్లో ఇలా గాయపరచుకోవడం ఒకటి.

మీవారు ఇలా అన్నారని రాశారు కదా, అందరూ పట్టించుకోవాలని చేస్తోందని. ఆయనతో ఒక్క మాట చెప్పండి. పట్టించుకోవాలనుకునే పిల్ల పొడుగు చేతుల చొక్కా వేసుకోదు. తను నెలల తరబడి మీ ఇద్దరి నుంచి దాచింది. ఆయన మీద నాకు కోపం లేదు. తండ్రులు చాలామంది భయాన్ని ఇలాగే తోసేస్తారు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 15 నుంచి 29 ఏళ్ల వారి మరణాలకు మూడో పెద్ద కారణం ఆత్మహత్య. పెద్దది చేయకూడని విషయం కాదిది.

ఇప్పుడు ధ్యానం సంగతికి వస్తాను.

"కళ్ళు మూసుకుంటే ఇంకా ఎక్కువ వస్తున్నాయి." మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసిన వాక్యం ఇది. మీ అమ్మాయి మనసు పెట్టే చేసింది. చెప్పినట్టు కళ్ళు మూసుకుంది, లోపలికి చూసింది, అక్కడ ఏముందో అదే కనిపించింది. ఆ కనిపించినదాన్ని ఏం చేయాలో పక్కనుండి చెప్పేవాళ్ళు లేరు. ముప్పై నలభై మంది పిల్లల మధ్య, ఎవరికీ చెప్పుకోలేని గుట్టుతో, కళ్ళు మూసుకుని ఒంటరిగా కూర్చుంది. ఇది తన లోపం కాదు. మీరు అన్న మాటను వెనక్కి తీసుకోవడానికి ఇదే మంచి అవకాశం: "ఆ రోజు నేను తప్పుగా అన్నాను. నువ్వు బాగానే చేశావు. నీకేం వచ్చిందో నేను అడగాల్సింది." పిల్లలకు తల్లి క్షమాపణ చెప్పడం ఎంత అరుదో, ఎంత పనిచేస్తుందో నా గదిలో చాలాసార్లు చూశాను.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో అర్థమవుతుంది. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. తగ్గని నొప్పులతో బాధపడే పెద్దవాళ్ళ కోసం మొదలైంది అది. 1990ల్లో జిండెల్ సెగల్, మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు దాన్ని డిప్రెషన్‌కు మలిచారు. వాళ్ళు గమనించిన విషయం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఒకసారి గట్టిగా డిప్రెషన్ వచ్చి తగ్గినవారికి, ఆ తర్వాత మామూలు దిగులు కొద్దిగా వచ్చినా చాలు, పాత ఆలోచనల తీగ మొత్తం కదులుతుంది. "నేను పనికిరాను", "ఎప్పటికీ ఇంతే", "నేను లేకపోతేనే అందరికీ మంచిది". చావు ఆలోచన ఆ తీగలో ఒకప్పుడు ఉండి ఉంటే, అదీ వాటితో పాటే వస్తుంది. ఆలోచనను నిజమని నమ్మేలోపే, "ఇదిగో, ఆ పాత ఆలోచన మళ్ళీ వచ్చింది" అని గుర్తుపట్టగలగడమే వాళ్ళు నేర్పించింది. ఆలోచన ఆగిపోదు. దాన్ని చూసేవాడు వేరే ఉన్నాడని తెలుస్తుంది.

ఇందులో జనం పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ కార్యక్రమాన్ని వాళ్ళు ముందు తయారుచేసింది డిప్రెషన్ తగ్గి, కుదుటపడి ఉన్న పెద్దవాళ్ళ కోసం, మళ్ళీ రాకుండా ఉండటానికి. 9 పరిశోధనల్లోని 1,258 మంది వివరాలను కలిపి 2016లో లెక్క చూస్తే, ఆ శిక్షణ పొందినవారిలో 60 వారాల లోపు డిప్రెషన్ తిరగబెట్టే ప్రమాదం మూడో వంతుకు కాస్త తక్కువగా తగ్గింది. మంచి ఫలితమే. కానీ ఇల్లు కాలుతున్నప్పుడు నుయ్యి తవ్వడం మొదలుపెట్టమని వాళ్ళు చెప్పలేదు. మీ అమ్మాయి ఇప్పుడు ఉన్నది మంటల మధ్య.

మరి మంటల మధ్య ఉన్న పిల్లలకు ఇది అస్సలు పనికిరాదా? పనికొస్తుంది, కానీ పక్కన మనిషి ఉండాలి. ఒక సంఘటన చెబుతాను, ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. 17 ఏళ్ల కుర్రాడు నాలుగు నెలలుగా నా దగ్గరికి వస్తున్నాడు. ఒకరోజు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, "ఇప్పుడే వస్తోంది, చేసుకోవాలనిపిస్తోంది" అన్నాడు. కళ్ళు తెరిచే ఉంచమన్నాను. రెండు పాదాలూ నేలకు ఆనించి, నేల చల్లగా ఉందా, గరుకుగా ఉందా చెప్పమన్నాను. ఆ కోరిక ఒంట్లో ఎక్కడుందని అడిగితే, "ఇక్కడ" అని ఛాతీ కింద పిడికిలి పెట్టి చూపించాడు. పదికి ఎంత ఉందంటే "ఎనిమిది" అన్నాడు. నిమిషానికోసారి అడుగుతూ కాగితం మీద రాశాను. 8. 8. 9. 9. 7. మధ్యలో "కదులుతోంది, గొంతులోకి వచ్చింది" అన్నాడు. సరే, గొంతులో చూద్దాం అన్నాను. 7. 5. 6. 4. పదో నిమిషానికి 3. కాగితం తన వైపు తిప్పుకుని ఆ అంకెలను చాలాసేపు చూశాడు. "నేనేం చేయకుండానే తగ్గింది" అన్నాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

అల వచ్చి, ఎత్తుకు లేచి, విరిగి పడేదాకా దాని మీదే నిలబడటం. తాగుడు, సిగరెట్టు లాంటి వ్యసనాల మీద పనిచేసిన అలన్ మార్లట్ అనే మనస్తత్వవేత్త ఈ పద్ధతికి పేరు తెచ్చారు. చేసుకోవాలన్న కోరిక పెరుగుతూనే పోదని, దానికి ఒక చివర ఉంటుందని ఒంటితో తెలుసుకోవడమే ఇందులో అసలు విషయం. పుస్తకంలో చదివితే అది తెలియదు. కానీ ఆ కుర్రాడికి అది నాలుగు నెలల తర్వాత కుదిరింది. అప్పటికి నన్ను నమ్మాడు. 9 దగ్గర ఆగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ రెండూ లేకుండా అదే పని చేయమంటే చేయగలిగేవాడని నేను అనుకోను.

తమను తాము గాయపరచుకునే పిల్లల విషయంలో ఇప్పటివరకు గట్టి ఆధారాలున్న వైద్యాల్లో ముందు చెప్పుకోవలసింది డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా డీబీటీ. దీన్ని తయారుచేసిన మార్షా లినెహాన్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్తగా పనిచేశారు. తాను 17 ఏళ్ల వయసులో ఇలాగే గాయపరచుకుంటూ మానసిక ఆసుపత్రిలో ఉన్నానని ఆమె 2011లో బయటికి చెప్పారు. మీ అమ్మాయికి ఎప్పుడైనా ఈ సంగతి చెప్పండి. ఆ నరకంలోంచి బయటపడిన మనిషి, వెనకాల ఉన్నవాళ్ళ కోసం నిచ్చెన కట్టారు. డీబీటీలో మైండ్‌ఫుల్‌నెస్ మొదటి మెట్టు. దానితో పాటు గడ్డు సమయాన్ని దాటడం, భావోద్వేగాలను అదుపులో పెట్టుకోవడం, మనుషులతో తెగిపోకుండా మాట్లాడటం కూడా నేర్పుతారు. ప్రతి వారం థెరపిస్ట్‌తో ఒంటరిగా ఒకసారి, గుంపులో ఒకసారి. టీనేజీ పిల్లలకైతే ఆ గుంపులో తల్లిదండ్రులు కూడా కూర్చుంటారు. మధ్యలో తట్టుకోలేని పరిస్థితి వస్తే ఫోన్ చేయొచ్చు.

నార్వేలో 77 మంది పిల్లల మీద 19 వారాలు చేసిన పరిశోధన 2014లో వచ్చింది, మామూలు వైద్యంతో పోలిస్తే గాయపరచుకోవడం బాగా తగ్గింది. అమెరికాలో 12 నుంచి 18 ఏళ్ల వయసున్న 173 మంది మీద చేసింది 2018లో వచ్చింది. అక్కడ పోల్చింది ఊరికే కాదు, ఓదార్పుగా మాట్లాడే మరో మంచి థెరపీతో. ఆరు నెలలు పూర్తయ్యేసరికి డీబీటీ తీసుకున్న పిల్లల్లో ఆత్మహత్యాయత్నాలు, గాయాలు తక్కువ. ఏడాది నాటికి ఆ తేడా పలచబడింది. అంటే ఆరు నెలలతో చేతులు దులుపుకునే పని కాదని నేను అర్థం చేసుకున్నాను.

ఇక స్కూల్లో క్లాసు మొత్తానికి నేర్పించే ధ్యానం. దీని మీద ఇప్పటివరకు జరిగిన పెద్ద పరిశోధన బ్రిటన్‌ది, 2022లో వచ్చింది. 80కి పైగా స్కూళ్లు, 8,000 మందికి పైగా పిల్లలు, పది పాఠాలు. ఎంతో ఆశగా మొదలుపెట్టారు. చివరికి తేలిందేమిటంటే, మామూలుగా స్కూళ్లలో చెప్పే పాఠాల కంటే ఇది పిల్లల మానసిక ఆరోగ్యానికి ఎక్కువ మేలేమీ చేయలేదు. పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. అప్పటికే మనసు బాగాలేని పిల్లలకు కొన్ని విషయాల్లో కాస్త ఇబ్బంది పెరిగింది కూడా. మీ అమ్మాయి రెండో క్లాసుకే మీతో చెప్పింది ఇదే కదా. ఆస్ట్రేలియాలో డీబీటీ నైపుణ్యాలనే క్లాసురూము పాఠాలుగా మార్చి చెప్పి చూశారు. 2023లో వచ్చిన ఆ ఫలితాలు కూడా నిరాశపరిచాయి. వైద్యంలో పనిచేసినవే అవి. కానీ అక్కడ ఆ పిల్లను ఎరిగిన థెరపిస్ట్, వారం వారం పలకరింపు, తల్లిదండ్రులు ఉన్నారు. ఇక్కడ పాఠం ఒక్కటే మిగిలింది.

స్కూళ్లలో చేసేవన్నీ వృథా అని నేను అనట్లేదు. ఐరోపాలో 10 దేశాల్లో, 168 స్కూళ్లలో, 11,000 మందికి పైగా పిల్లలతో చేసిన పరిశోధన 2015లో వచ్చింది. అందులో ఒక పద్ధతిలో నాలుగు వారాల్లో మొత్తం 5 గంటలు, పిల్లలు చిన్నచిన్న నాటికలు వేస్తూ, మానసిక బాధల గురించి, స్నేహితుడు ప్రమాదంలో ఉంటే ఏం చేయాలన్నదాని గురించి నోరు విప్పి మాట్లాడుకున్నారు. ఏడాది తర్వాత చూస్తే వాళ్ళలో కొత్తగా ఆత్మహత్యాయత్నం చేసినవారు 0.7 శాతం, ఆ పాఠాలు లేని గుంపులో 1.5 శాతం. సగానికి సగం. అక్కడ కళ్ళు మూసుకోవడం లేదు, మాట్లాడుకోవడం ఉంది. స్కూళ్ల వాళ్ళు పిల్లలను కాపాడాలని నిజంగా అనుకుంటే ముందు ఇలాంటివాటి వైపు చూడాలని నా అభిప్రాయం.

కాబట్టి మీ అమ్మాయి ఆ క్లాసు ప్రస్తుతానికి మానేయనివ్వండి. నేర్పించే టీచరుతో మీరు ఒకసారి మాట్లాడండి. గీతల సంగతి చెప్పాలా వద్దా అన్నది అమ్మాయిని అడిగి, తను సరేనంటేనే. పిల్లలు కళ్ళు తెరిచి కూర్చోవచ్చా, మధ్యలో లేచి బయటికి వెళ్ళొచ్చా, ఎవరైనా పిల్ల "నాకు చచ్చిపోవాలనుంది" అంటే ఆ టీచరు ఏం చేస్తారు, ఎవరి దగ్గరికి పంపుతారు అని అడగండి. చివరి ప్రశ్నకు తడుముకుంటే, ఆ ప్రోగ్రామ్ కాగితంలో రాసినదానికి ఇంకా సిద్ధంగా లేదన్నమాట. ఆ మాట వాళ్ళతోనే మర్యాదగా చెప్పండి, మిగతా పిల్లల కోసమైనా.

డాక్టరు విషయంలో, టీనేజీ పిల్లలతో పనిచేసిన సైకియాట్రిస్ట్‌ను గానీ క్లినికల్ సైకాలజిస్ట్‌ను గానీ వెతకండి. డీబీటీ నేర్చుకున్నవాళ్ళు దొరికితే మంచిది. దొరకకపోతే ఆగిపోవద్దు. తనను తాను గాయపరచుకున్న పిల్లలను ఇంతకుముందు చూశారా, తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టి మాట్లాడతారా, రెండు అపాయింట్‌మెంట్ల మధ్య కష్టమైతే ఎవరికి ఫోన్ చేయాలి, అమ్మాయి చెప్పినవాటిలో ఏవి మాకు చెబుతారు, ఏవి చెప్పరు అని మొదటి రోజే అడిగేయండి. చివరిది అమ్మాయి ముందే అడగండి. డాక్టరు మందులు రాస్తే, మొదటి వారాల్లోనూ డోసు మార్చినప్పుడూ తన మూడ్‌ను దగ్గరగా గమనించండి, సొంతంగా ఆపేయొద్దు.

మొదటిసారి కలిసినప్పుడే సేఫ్టీ ప్లాన్ రాయించమని అడగండి. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు రూపొందించింది ఇది. ఒకే ఒక్క కాగితం. నాకు ముదురుతోందని తెలిపే గుర్తులేంటి, అప్పుడు ఒంటరిగా నేను చేయగలిగేవేంటి, ఎవరి మధ్యకు వెళ్తే మనసు మళ్ళుతుంది, ఎవరిని సాయం అడగగలను, ఏ డాక్టరుకు, ఏ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి, చుట్టూ ఉన్న ప్రమాదకరమైన వస్తువులను ఎలా దూరం పెట్టాలి. అంతా తన మాటల్లోనే ఉండాలి. ఎమర్జెన్సీకి వచ్చిన పెద్దవాళ్ళలో ఈ కాగితం రాయించి, తర్వాత ఫోన్ చేసి పలకరిస్తూ వచ్చినవారికి, తర్వాతి ఆరు నెలల్లో ఆత్మహత్యకు సంబంధించిన ప్రవర్తన దాదాపు 45 శాతం తక్కువని 2018లో తేలింది. ఆఖరి అంశం మాత్రం డాక్టరు కోసం ఆగకుండా మీరు ఇవాళే చేయండి. ఇంట్లో ఉన్న మందులన్నీ, తనకు హాని చేయగలవని మీకు అనిపించేవన్నీ తాళం వేసి పెట్టండి. అమ్మాయికి చెప్పే చేయండి: "నీ మీద నమ్మకం లేక కాదు, గడ్డు నిమిషం వచ్చినప్పుడు అవి దగ్గర లేకుండా ఉండటం కోసం." ఆ నిమిషం చాలామందిలో తొందరగానే దాటిపోతుంది. అది దాటేదాకా చేతికి ఏదీ అందకపోవడం ప్రాణాలు నిలిపిందని ప్రపంచంలో చాలాచోట్ల రుజువైంది.

చూశారా, ఆ కాగితంలో రెండో అంశం దగ్గరే ధ్యానానికి చోటుంది, "ఒంటరిగా నేను చేయగలిగేవి" అన్నచోట. థెరపిస్ట్ ఒప్పుకున్నాక, అమ్మాయికి ఇష్టమైతే, మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఈసారి చిన్నచిన్నగా, కళ్ళు తెరిచి. ఊపిరి మీద ధ్యాస పెడితే కొంతమంది పిల్లలకు ఇంకా ఉక్కిరిబిక్కిరి అవుతుంది. వాళ్ళకు పాదాల కింద నేల, చేతిలో చల్లటి గ్లాసు, గదిలో వినిపించే శబ్దాలు నయం. ఫ్యాను చప్పుడు, బయట ఏదో బండి, తన గడియారం టిక్కుమనడం, ఇలా ఐదు లెక్కపెట్టడం కూడా మైండ్‌ఫుల్‌నెస్సే. మరీ తట్టుకోలేని క్షణంలో చల్లటి నీళ్ళలో ముఖం అర నిమిషం ఉంచితే గుండె వేగం తగ్గుతుంది. డీబీటీలో ఇది నేర్పుతారు. గుండె జబ్బు, తిండికి సంబంధించిన సమస్యలు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా చేయకూడదు. ఏది చేసినా రెండు నిమిషాల్లో బాధ పెరుగుతోందనిపిస్తే ఆపేసే హక్కు తనకుండాలి. మీకు విసుగొచ్చినప్పుడు "పో, పోయి ధ్యానం చేసుకో" అని మాత్రం ఎప్పుడూ అనొద్దు. ఆ ఒక్క మాటతో అది శిక్ష అయిపోతుంది.

ఇంతవరకు అమ్మాయి గురించే రాశాను. నిజానికి ఈ ఇంట్లో ఇప్పుడు వెంటనే ఈ సాధన అవసరమైంది మీకు. కొత్త గీత కనబడితే మీ ఒళ్ళు ఝల్లుమంటుంది. ఆ టెన్షన్‌లో నోటి నుంచి వచ్చేది అరుపో, ఏడుపో, ఉపదేశమో అయి ఉంటుంది. తన గది తలుపు ముందు ఒక్క నిమిషం ఆగండి. చెయ్యి గొళ్ళెం మీద ఉంచి, ఆ లోహం చల్లదనం తెలిసేదాకా. మీ ఛాతీలో బరువు ఎక్కడుందో చూసుకోండి. "నాకు భయంగా ఉంది" అని మనసులో అనుకోండి. భయం పోదు. దానితోనే లోపలికి వెళ్ళండి, కానీ మీ బదులు అది మాట్లాడదు. మూడు వారాలుగా ఈ బరువు ఒక్కరే మోస్తున్నారు. మీ చెల్లెలికి మొత్తం చెప్పండి. అవసరమైతే మీరూ ఒకసారి కౌన్సెలర్‌ను కలవండి.

ఇవాళ సాయంత్రం మీరు అడిగినప్పుడు తను ఏమీ చెప్పకపోవచ్చు. "నన్ను వదిలేయ్ అమ్మా" అని తలుపు వేసుకోవచ్చు. అప్పుడు గొడవ పడొద్దు. "సరే, పక్క గదిలోనే ఉంటాను. తలుపు గడియ మాత్రం పెట్టుకోకు. పది నిమిషాలు ఆగి వస్తాను" అని చెప్పండి. సరిగ్గా పది నిమిషాలకు వెళ్ళి తలుపు తట్టండి.